కేబుల్ పని నేర్పాలంటే నిచ్చెన కంటే ముందు మీటరు

మా దగ్గర కొత్త కుర్రాడు చేరితే మొదట్లో నిచ్చెన ముట్టుకోనివ్వను. వాడికి నచ్చదు, వాళ్ళ నాన్నకి అంతకన్నా నచ్చదు, "ఏంటండీ మావోడు రోజంతా కూర్చుని వైరు ముక్కలు కోస్తన్నాడంట, అదేం పనండి" అని ఫోన్ చేసి మరీ అడుగుతారు. అవునండి, ముక్కలే కోయిస్తా. షాపు వెనకాల పాత డ్రాప్ వైరు (స్తంభం నుంచి ఇంటికి లాగేది) చుట్టలు పడుంటాయి, వాటిని జానెడు జానెడు కోసి రెండు చివర్లా కనెక్టర్ కొట్టమంటా, కొట్టాక మల్టీమీటర్ పెట్టి లోపలి తీగ కలిసిందా లేదా, దాని చుట్టూ ఉండే జాలీతో షార్ట్ ఏమైనా అయ్యిందా చూడమంటా, తర్వాత అది కోసి పారేసి మళ్ళీ కొట్టమంటా. చెయ్యి అలవాటయ్యేదాకా ఇదే పని.

నేను తణుకు దగ్గర చిన్న ఊళ్ళో లోకల్ కేబుల్ ఆపరేటర్ని. టీవీ, నెట్ రెండూ ఇస్తాం. పెద్ద కంపెనీలకి ట్రైనింగ్ సెంటర్లు, పుస్తకాలు, పరీక్షలు ఉంటాయి, మాలాంటోళ్ళకి ఉన్నదల్లా ఒక షాపు, బండి, నిచ్చెన, కాస్త పని తెలిసిన సీనియర్ కుర్రాడు. ఆ సీనియర్ వెనకాల బండెక్కి తిరుగుతూ చూసి నేర్చుకోవడమే మా లైన్లో ఇన్నేళ్ళ చదువు. అది అప్పట్లో సరిపోయింది, ఇప్పుడు సరిపోవట్లేదు, ఎందుకు సరిపోవట్లేదో చెప్దామనే ఇదంతా. ఈ మధ్య ఇద్దరు ముగ్గురు ఆపరేటర్లు కూడా అడిగారు, మీ కుర్రోళ్ళు సెట్‌టాప్ బాక్సులు అంతగా మార్చరంట కదా, ఏం నేర్పుతారు అని.

ముందు కనెక్టర్ సంగతి అవగొట్టేస్తా. ఆర్జీ 6 వైరు అంటే పైన నల్ల జాకెట్, దాని కింద అల్లిన జాలీ, రేకు, తెల్ల ఫోమ్, మధ్యలో తీగ. పావు అంగుళం తీగ బయటికి, పావు అంగుళం జాలీ వెనక్కి మడత, కనెక్టర్ తోసినప్పుడు తెల్ల ఫోమ్ లోపలి అంచుకి సమానంగా వచ్చి ఆగాలి, మధ్య తీగ నట్టు అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు కనపడాలి. ఇంతే, చెప్పడానికి నిమిషం కూడా పట్టదు. కానీ జాలీలో ఒక్క పోగు లోపలికి వంగి తీగకి తగిలిందంటే ఆ లైనే షార్ట్, ఫోమ్ వెనకబడితే సిగ్నల్ తిరిగి వెనక్కి కొడుతుంది, తీగ పొట్టిదైతే ఈరోజు పనిచేసి వచ్చే నెల ఎండకి వైరు సాగాక పనిచేయదు. బ్లేడుతో కోసేటప్పుడు తీగ మీద గాటు పడితే అది కూడా అంతే, గాలికి ఊగి ఊగి అక్కడే తెగుతుంది. నోటితో జాకెట్ పీకి, కటింగ్ ప్లేయర్‌తో కనెక్టర్ నొక్కే కుర్రోళ్ళు ఇప్పటికీ ఉన్నారు. స్ట్రిప్పర్, కంప్రెషన్ టూల్ కొనివ్వని ఓనర్ని అనాలి గానీ వాళ్ళనేం అంటాం.

అయితే అసలు తేడా వేరే చోట వచ్చింది. అనలాగ్ రోజుల్లో మా సీనియర్లకి మీటరు అక్కర్లేదు, టీవీ బొమ్మే మీటరు. బొమ్మ మీద చుక్కలు చుక్కలుగా మంచు పడుతుంటే సిగ్నల్ తక్కువ, ఒక మనిషి పక్కన ఇంకో నీడ మనిషి కనపడితే ఎక్కడో కనెక్టర్ తేడా కొట్టి సిగ్నల్ వెనక్కి వస్తోంది, అడ్డంగా బార్లు పైకి పాకుతుంటే దారిలో సిగ్నల్ పెంచే యాంప్లిఫయర్ పవర్ సప్లై పోతోంది. ఇంట్లోకి వెళ్ళి టీవీ ముందు నిలబడగానే తెలిసిపోయేది. ఒకడు స్తంభం మీద, ఒకడు వీధిలో, ఇంటావిడ గుమ్మంలో నిలబడి "వచ్చింది వచ్చింది... పోయింది" అని అరుస్తుంటే ట్యూన్ చేసేసేవాళ్ళు. నవ్వులాటగా ఉంటుంది గానీ ఆ పద్ధతి పనిచేసింది.

డిజిటల్ వచ్చాక ఆ చదువు మొత్తం పోయింది. కేబుల్ టీవీని గవర్నమెంటు దశల వారీగా డిజిటల్ చేయించింది, హైదరాబాద్, వైజాగ్ రెండో దశలో ఉన్నాయి, వాటికి గడువు 2013 మార్చి 31, మా లాంటి టౌన్లకీ పల్లెలకీ మూడు, నాలుగు దశలు, 2017 మార్చితో చివరి గడువు. సెట్‌టాప్ బాక్స్‌లో తప్పులు సరిచేసుకునే ఏర్పాటు ఉంటుంది, అంచేత సిగ్నల్ దిగజారుతున్నా సరే ఒక హద్దు దాకా బొమ్మ అద్దంలా వస్తూనే ఉంటుంది, ఆ హద్దు దాటగానే ముక్కలు ముక్కలై ఆగిపోతుంది. అంటే బొమ్మ చూసి ఏమీ తెలీదు. ఇవాళ చక్కగా వస్తున్న ఇల్లు హద్దుకి వెంట్రుకవాసిలో ఉండొచ్చు, రేపు వాన పడితే చాలు. కుర్రాడు వెళ్ళేసరికి వాన తగ్గి వైరు ఆరిపోయి బొమ్మ వస్తుంటుంది, "బానే ఉందండీ" అని వచ్చేస్తాడు, సాయంత్రం మళ్ళీ కంప్లైంట్. ఇంక ఓనర్ ఫోన్లో తిడితే వాడికి తోచిన మందు ఒక్కటే, బాక్స్ మార్చేయడం. బాక్స్ మారిస్తే కనెక్టర్ కదులుతుంది, కదిలితే నాలుగు రోజులు పనిచేస్తుంది, దాంతో బాక్స్‌దే తప్పని వాడికి నమ్మకం కుదురుతుంది. ఇలా బాగున్న బాక్సులు ఎన్ని రిపేర్‌కి పోయి "నో ఫాల్ట్" అని తిరిగొస్తాయో మా లైన్లో అందరికీ తెలుసు.

అందుకే మీటరు. డిజిటల్ మీటర్లో రెండు అంకెలు చూడమంటా, లెవల్ ఎంత, అంటే సిగ్నల్ బలం, ఎంఈఆర్ ఎంత, అంటే సిగ్నల్ శుభ్రత. లెవల్ బాగుండి ఎంఈఆర్ పడిపోయిందంటే సిగ్నల్ వస్తోంది గానీ చెత్తతో కలిసి వస్తోంది, ఏదో యాంప్లిఫయర్‌కి సిగ్నల్ ఎక్కువ పెట్టేసుంటారు, లేదా కనెక్టర్ తుప్పు పట్టింది. 64 క్వామ్ అనే డిజిటల్ పద్ధతిలో పంపించే లైన్లో ఎంఈఆర్ 28 పైన ఉంటే నేను ఊరుకుంటా, అంతకు తగ్గితే బొమ్మ ఎంత బాగున్నా పని అయిపోయినట్టు కాదు.

ఇంకోటి, ఏ చానెళ్ళు పోయాయి అని అడగడం. వైరుకి ఒక గుణం ఉంది, కింద ఫ్రీక్వెన్సీలని తక్కువగా, పైవాటిని ఎక్కువగా తినేస్తుంది. ఆర్జీ 6 వంద మీటర్లకి 50 మెగాహెర్ట్జ్ దగ్గర 5, 6 డీబీ (సిగ్నల్ ఎంత తగ్గిందో చెప్పే కొలత) పోతే 750 దగ్గర 18, 19 దాకా పోతుంది. అందుకని దూరం ఎక్కువై సిగ్నల్ చాలకపోతే ముందు పై ఫ్రీక్వెన్సీ చానెళ్ళు పోతాయి. అదే మధ్య తీగ లోపల తెగి కొంచెం ఖాళీ వచ్చిందనుకోండి, చిత్రంగా కింది ఫ్రీక్వెన్సీవి పోయి పైవి వస్తుంటాయి. ఏ చానెల్ ఏ ఫ్రీక్వెన్సీ మీద వస్తుందో కాయితం ప్రింట్ తీసి షాపు గోడకి అంటించా, బండి బయల్దేరే ముందే ఇంటావిణ్ణి నాలుగు చానెళ్ళు అడిగితే ఎక్కడికి వెళ్ళాలో సగం తెలిసిపోతుంది.

డీబీ అంటే మాత్రం పిల్లలు బెదిరిపోతారు. ఇంటర్ చదివినోడైనా సరే లాగరిథం అనగానే మొహం అదోలా పెడతాడు. నేను కాలువ చెప్తా. మా వైపు పిల్లలకి కాలువ తెలియకుండా ఉండదు కదా, లాకుల దగ్గరున్న చేలకి నీళ్ళు ఎక్కువై గట్లు తెగుతాయి, శివారు చేలకి తడి కూడా అందదు, అందుకే పై తూము చిన్నగా, కింది తూము పెద్దగా పెడతారు. ట్యాప్‌లూ అంతే, అవి మెయిన్ లైను నుంచి ఇళ్ళకి కొంత సిగ్నల్ తీసిచ్చేవి, యాంప్లిఫయర్ పక్కన ఇంటికి 23 డీబీ ట్యాప్ పెట్టి కొంచెమే వదలాలి, లైను చివర 8 డీబీ ట్యాప్ పెట్టి ఎక్కువ వదలాలి. ఇది అర్థమైన కుర్రాడు మూడు డీబీ పోతే సగం, పది పోతే పదో వంతు అనేది వాడంతట వాడే పట్టేసుకుంటాడు. రెండు దారుల స్ప్లిట్టర్ పెడితే సగం సగం, అంటే లెక్కకి మూడు పోవాలి, నిజానికి మంచి స్ప్లిట్టర్‌లో కూడా మూడున్నర, నాలుగు పోతుంది, నాలుగు దారులదైతే ఏడు. ఇంట్లో హాల్లో ఒకటి, బెడ్‌రూమ్‌లో ఒకటి అని ఎవరో ఎలక్ట్రీషియన్ సీలింగ్‌లో స్ప్లిట్టర్ మీద స్ప్లిట్టర్ దాచేసిన ఇళ్ళు బోలెడు, అది వెతికి పట్టుకోవడం కూడా ఈ లెక్క వస్తేనే. గోడ దగ్గర 68 ఉండి టీవీ దగ్గర 52 వస్తే 16 ఎక్కడ పోయింది, చెప్పు. కుర్రాడు సీలింగ్ వైపు చూశాడంటే పాసైనట్టే.

తర్వాత ఫైబర్. మా జిల్లాల్లో ఇది ఊళ్ళలోకి బాగా వచ్చింది ఏపీ ఫైబర్‌నెట్‌తో. 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి వచ్చి ప్రారంభించారు, నెలకి 149 రూపాయలకి టీవీ, నెట్, ఫోన్ అన్నారు, కరెంటు స్తంభాల మీద వేల కిలోమీటర్ల కేబుల్ లాగారు, ఇళ్ళకి కనెక్షన్ ఇవ్వాల్సింది మాత్రం మా లోకల్ ఆపరేటర్లే. రాత్రికి రాత్రి రాగి వైరు కుర్రోళ్ళు గాజు పోగు కుర్రోళ్ళు అవ్వాల్సొచ్చింది. రాగి వైరుకి కాస్త మొరటుతనం సరిపోతుంది, గాజుకి సరిపోదు. వెలుగు నడిచే మధ్య భాగం 9 మైక్రాన్లు, అక్కడ కంటికి కనపడని దుమ్ము కూర్చున్నా దారి మూసుకుపోతుంది. అందుకే నేను ఫైబర్‌లో నేర్పే మొదటి పాఠం తుడవడం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి టిష్యూ, ఒకే వైపు తుడుపు, తుడిచాక వేలితో ముట్టుకోకూడదు, చొక్కా అంచుతో అసలు తుడవకూడదు. నెట్ స్లో అని వచ్చిన కంప్లైంట్లలో పాచ్‌కార్డ్ (మోడెంకి పెట్టే పొట్టి ఫైబర్ వైరు) కొస తుడిస్తే పోయేవి ఎన్నో.

రెండో పాఠం రంగు. ఆకుపచ్చ కనెక్టర్ కొస ఎనిమిది డిగ్రీలు ఏటవాలుగా కోసి ఉంటుంది, నీలం కనెక్టర్ కొస అలా ఏటవాలుగా ఉండదు. రెండూ ఒకే అడాప్టర్‌లో దూరతాయి, అదే ప్రమాదం. పచ్చదాన్ని నీలందాంట్లో పెడితే మధ్యలో గాలి ఖాళీ ఉండిపోయి కొన్ని డీబీలు పోతాయి, పైగా వెలుగు వెనక్కి కొడుతుంది, టీవీ సిగ్నల్‌కి అది అస్సలు పడదు. బిగువుగా దూరింది కదా, సరిపోయిందనుకుంటాడు కుర్రాడు.

మూడోది లెక్క, దీని మీదే ఎక్కువ టైం పెడతా. పవర్ మీటర్లో ఎప్పుడూ మైనస్ అంకెలు వస్తాయి, కొత్తోడు "సార్ ఇక్కడ మైనస్ 20, అక్కడ మైనస్ 27, అక్కడే ఎక్కువొస్తోంది" అంటాడు. నవ్వకూడదు, అందరూ మొదట అదే అంటారు, మైనస్‌లో అంకె పెద్దదైతే వెలుగు తక్కువని. బోర్డు మీద రాయిస్తా. షాపులో ఓఎల్‌టీ (పోగులోకి వెలుగు పంపే పెట్టె) నుంచి ప్లస్ 4 బయల్దేరిందనుకో. మొదటి ఎనిమిది దారుల స్ప్లిట్టర్‌లో పదిన్నర పోయింది, వీధి చివర రెండో ఎనిమిది దారులదాంట్లో ఇంకో పదిన్నర. మూడు కిలోమీటర్ల కేబుల్‌కి ఓ ఒకటి. జాయింట్లకీ కనెక్టర్లకీ కలిపి ఒకటిన్నర. మొత్తం ఇరవై మూడున్నర. అంటే ఇంటి దగ్గర మైనస్ 19, మైనస్ 20 కనపడాలి. జీపాన్‌లో (ఒకే పోగుని చాలా ఇళ్ళకి పంచే పద్ధతి) మామూలుగా వాడే బీ ప్లస్ క్లాస్‌లో ఇంటి మోడెం మైనస్ 27 దాకా పట్టుకోగలదు, కాబట్టి మైనస్ 26లో నెట్ వస్తూనే ఉంటుంది. వస్తోంది కదా అని వచ్చేశాడా, లెక్క ప్రకారం ఆరు డీబీలు ఎక్కడో కారిపోతున్నాయి, అంటే రావాల్సిన దాంట్లో నాలుగో వంతే వస్తోంది, ఎండాకాలమో వానాకాలమో ఏదో ఒకటి వచ్చి దాన్ని ముంచుతుంది. రావాల్సింది ఎంతో ముందు కాయితం మీద రాసి, ఆ తర్వాతే మీటరు పెట్టమంటా. ఎంత రావాలో తెలియనోడికి మీటరు ఎంత చూపించినా ఒకటే.

మీటర్లలో కూడా ఒక మెలిక ఉంది, చాలామంది ఓనర్లకే తెలీదు. ఒకే పోగులో వేర్వేరు తరంగదైర్ఘ్యాలు, టీవీ 1550 నానోమీటర్ల మీద, నెట్ కిందికి 1490 మీద, పైకి 1310 మీద పోతుంటాయి. మామూలు పవర్ మీటర్‌లో 1490 అని బటన్ నొక్కినంత మాత్రాన అది 1490ని విడదీసి చూపించదు, పోగులో వచ్చిన వెలుగంతా కలిపే చూపిస్తుంది, టీవీ వెలుగు చాలా ఎక్కువ కాబట్టి నెట్ చచ్చిపోయినా మీటర్ మాత్రం నిండుగా చూపిస్తుంది. విడదీసే పాన్ మీటర్ వేరే ఉంటుంది, కొంచెం ఖరీదు. టీవీ, నెట్ ఒకే పోగులో ఇచ్చేవాళ్ళు అది కొనకుండా కుర్రోడి మీద అరవడం న్యాయం కాదు. పైగా అది ఉంటే ఇంకో లాభం, పోగు ఎక్కడైనా గట్టిగా వంగితే 1550 ఎక్కువగా కారుతుంది, 1310 అంతగా కారదు. టీవీ పోయి నెట్ బాగుందంటే ముందు కిటికీ సందులో, మేకు చుట్టూ, తలుపు కింద వంపులు చూడు అని చెప్తా. సోఫా కాలు కింద కూడా.

ఈ నేర్పేదంతా దేనికంటే, బండి స్టార్ట్ చేసేముందు ఆలోచించడానికి. కంప్లైంట్ వచ్చిందా, ముందు పక్కింటోళ్ళకి ఫోన్ చెయ్యి. ఒక్క ఇల్లే పోతే డ్రాప్ వైరో ఇంట్లోనో, ఎనిమిది ఇళ్ళు పోతే స్ప్లిట్టర్, వీధి మొత్తం పోతే దాని వెనక. మోడెం మీద లైట్లు ఏం వెలుగుతున్నాయి అని అడుగు, ఎల్‌ఓఎస్ అని రాసున్న లైటు ఎర్రగా కొట్టుకుంటోందా, అయితే వెలుగే రావట్లేదు. పాన్ అని రాసున్నది పచ్చగా నిలకడగా ఉందా, అయితే మన లైను బాగుంది, తేడా వైఫైలోనో రీఛార్జ్‌లోనో. నెట్ రావట్లేదు అన్న ఫోన్లలో చాలా భాగం వైఫైవే, మూడు గోడలవతల బెడ్‌రూమ్‌లో 5 గిగాహెర్ట్జ్ మీద కనెక్ట్ అయ్యి సిగ్నల్ లేదంటారు. ల్యాన్ వైరు పెట్టి స్పీడ్ చూపిస్తే వాళ్ళే "ఓహో" అంటారు. టీవీలో "నో సిగ్నల్" అంటే ఇంకా సింపుల్, మనవడు రిమోట్‌లో సోర్స్ మార్చేసుంటాడు, హెచ్‌డీఎంఐ ఒకటి బదులు రెండులో ఉంటుంది. దీనికోసం కుర్రాడు బండేసుకుని ఎండలో నాలుగు కిలోమీటర్లు పోవడం ఎందుకు, ఫోన్లోనే బామ్మగారి చేత బటన్ నొక్కించొచ్చు. అలా ఓపిగ్గా నొక్కించడం కూడా నేర్పాలి, "మామ్మగారూ రిమోట్‌లో పైన బాణం గుర్తున్న బటన్ ఒకటుంటది చూడండి" అని మొదలెట్టాలి, "సోర్స్ మార్చండి" అంటే ఆవిడకేం తెలుస్తుంది.

కరెంటు గురించి ఒక్క మాటలో తేల్చే పని లేదు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు, ఆ తర్వాత సిటీలో స్తంభాల మీద కేబుళ్ళు కత్తిరించి పారేయడం మొదలెట్టారు, ఆపరేటర్లు గగ్గోలు పెట్టారు. ఆపరేటర్‌గా నాకూ కడుపు మండుతుంది, చెప్పకుండా కోసేస్తే జనం మా పీకల మీద కూర్చుంటారు. కానీ నిజం చెప్పుకుందాం, మన స్తంభాల మీద ఏది ఎవరిదో తెలియని వైర్లు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి, సగం ఎప్పుడో చచ్చిన కనెక్షన్లవి. కొత్త వైరు లాగినోడు పాతది తీయడు. మా దగ్గర రూలు పెట్టా, కొత్త డ్రాప్ లాగితే పాత డ్రాప్ చుట్టి షాపుకి తేవాలి, తేకపోతే ఆ పని లెక్కలోకి రాదు.

ఫైబర్ గాజే కదా, కరెంటు పాకదు కదా అని కుర్రోళ్ళు ధైర్యంగా ఉంటారు. గాజులో పాకదు, దాన్ని మోసే స్టీలు తీగలో పాకుతుంది. ఎక్కడో రెండు స్తంభాల అవతల ఎల్టీ లైను, అంటే ఇళ్ళకి కరెంటిచ్చే లైను, దాని మీద వాలి ఉంటే ఇక్కడ ముట్టుకున్నోడికి తగులుతుంది. రాగి వైరులో ఇంకో రకం, రెండు పిన్నుల ప్లగ్గున్న బాక్సుల్లోంచి కొంచెం కొంచెం లీకేజీ జాలీలోకి వస్తుంది, ఎర్తింగ్ లేకపోతే ఒక ఇంటిది చిమచిమలాడుతుంది అంతే, కానీ వీధిలో ఇళ్ళన్నిటిదీ కలిసి ఒకే జాలీ మీదకి వస్తే స్తంభం మీదున్నోడికి గట్టిగానే కొడుతుంది, కొట్టిన షాక్ కంటే ఉలిక్కిపడి నిచ్చెన మీద నుంచి పడటం ఎక్కువ ప్రమాదం. అందుకని నాలుగు అడుగుల ఎత్తుకి అడుగు దూరం లెక్కన నిచ్చెన వేయాలి, కింద ఒక మనిషి పట్టుకోవాలి, పైకెళ్ళగానే ముట్టుకోకుండా టెస్టర్ పెట్టాలి, వానలో స్తంభం ఎక్కేది లేదు. సీరియల్ క్లైమాక్స్ ఉన్నా సరే, క్రికెట్ ఫైనల్ ఉన్నా సరే. కస్టమర్ తిడితే నా నంబర్ ఇవ్వమంటా. ఈ చివరి మాట ఓనరు గట్టిగా అనకపోతే మిగతా సేఫ్టీ పాఠాలన్నీ గాలికే.

గాజు ముక్కల సంగతి కూడా. కోసిన పోగు ముక్క కంట్లోనో వేలిలోనో దిగితే కనపడదు, తీయడం కష్టం. ఒక మూతున్న సీసా ఎప్పుడూ పక్కన ఉండాలి, ముక్కలన్నీ అందులోనే, జాయింట్ కొట్టే చోట టిఫిన్ తినకూడదు. వెలుగు వస్తోందా అని పోగు కొసని కంటికి పెట్టి చూడకూడదు, ఆ వెలుగు కనపడే రకం కాదు, కనపడలేదు కాబట్టి లేదనుకుని ఇంకా దగ్గరికి పెట్టుకుంటారు. పోగు ఎక్కడ తెగిందో చూసే ఎర్ర లేజర్ పెన్ను కనపడే రకమే, అయినా అది ఎవరి కళ్ళ మీదకీ కొట్టకూడదు, పిల్లల ముందు ఆటాడకూడదు.

గవర్నమెంటు కోర్సులు ఉన్నాయి కదా అని అడుగుతారు. ఉన్నాయి. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన 2015లో మొదలైంది, అందులో డీటీహెచ్ సెట్‌టాప్ బాక్స్ ఇన్‌స్టాలేషన్ అని ఎలక్ట్రానిక్స్ స్కిల్ కౌన్సిల్ వాళ్ళ కోర్సు, టెలికాం స్కిల్ కౌన్సిల్ వాళ్ళవి ఆప్టికల్ ఫైబర్ స్ప్లైసర్, బ్రాడ్‌బ్యాండ్ టెక్నీషియన్ లాంటివి ఉన్నాయి. సిలబస్ కాయితం మీద బాగుంటుంది, సేఫ్టీ, కస్టమర్‌తో మాట తీరు కూడా పెట్టారు, మేము అవి ఎప్పుడూ పాఠంగా చెప్పి ఎరగం. కానీ ఒక సెంటర్ నుంచి సర్టిఫికెట్‌తో వచ్చిన కుర్రాడు పోగులు అతికించే స్ప్లైసింగ్ మెషిన్ దూరం నుంచి చూశాడంతే, బ్యాచ్ మొత్తానికి ఒకటే మెషిన్, సార్ కొడుతుంటే ఫొటోలు తీసుకున్నారంట. వాడి తప్పేం లేదు. నా ఉద్దేశంలో ఆ కోర్సుల వల్ల అసలు లాభం మా పాత కుర్రోళ్ళకి, పదేళ్ళు పని చేసి చేతిలో ఒక్క కాయితం లేనోళ్ళకి. పని ముందే వచ్చినోడిని పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే దారి అదే స్కీంలో ఉంది. పెద్ద కంపెనీకో, గల్ఫ్‌కో పోదామనుకునే కుర్రాడు అది రాయించుకోవాలి. పోతే నాకు నష్టమే, అయినా చెప్తా. నేర్పినోళ్ళు వెళ్ళిపోతారని నేర్పడం మానేస్తే నేర్వనోళ్ళు మన దగ్గరే ఉండిపోతారు కదా, అది ఇంకా నష్టం.

జాయింట్ కొట్టడానికి ఒక విషయం ముందే చూసుకోవాలి, ఎవరూ చూడరు. పన్నెండు పోగులకి పన్నెండు రంగులు, నీలం, ఆరెంజ్, ఆకుపచ్చ, బ్రౌన్, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, వయొలెట్, గులాబీ, ఆక్వా, ఈ వరస పద్యంలా అప్పజెప్పిస్తా. ఒక కుర్రాడు ఎంత చెప్పినా ఆకుపచ్చకి బ్రౌన్‌కి తడబడేవాడు, అశ్రద్ధ అనుకుని సీనియర్ కసిరేవాడు, తీరా కంటి డాక్టర్ దగ్గరికి పంపిస్తే రంగులు తేడా తెలియని కళ్ళు, పుట్టుకతో అంతే. వాణ్ణి క్లోజర్ల (జాయింట్లు లోపల పెట్టి మూసే పెట్టెలు) మీద పెట్టడం మానేసి ఇంట్లో పనులకి, వైఫై సెట్టింగులకి పెట్టాం, అందులో వాడు మా అందరికంటే దిట్ట. రాత్రిపూట టార్చ్ లైట్లో మామూలు కళ్ళకే బూడిదకి తెలుపుకి తేడా తెలియదు, అందుకే ఏ పోగు ఏ వీధికి పోతుందో నోట్‌బుక్‌లో రాసి, క్లోజర్ లోపల కూడా చీటీ పెట్టి, ఫోన్లో ఫొటో తీసి గ్రూప్‌లో వేయమంటా. చెరకు లారీ తగిలి కేబుల్ తెగిన రాత్రి ఆ ఫొటో లేకపోతే తెల్లారిపోతుంది.

ఇంట్లోకి వెళ్ళే పద్ధతి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, చెప్పులు బయట, టీవీ కదిపే ముందు అడగడం, గోడకి డ్రిల్ వేసేముందు లోపల పైపు, కరెంటు ఉన్నాయేమో కనుక్కోవడం, వేశాక పడ్డ దుమ్ము ఊడ్చడం. "బాక్స్ పోయిందండీ" అనే మాట మీటర్ పెట్టకుండా అనకూడదు. ఇంట్లో ఎవరూ మగవాళ్ళు లేరు, తర్వాత రా అంటే మారు మాట్లాడకుండా తర్వాత వెళ్ళాలి.

ఎవరైనా సొంతంగా నేర్చుకుందామనుకుంటే సామాన్లు కొనే వరస చెప్తా. ముందు మంచి స్ట్రిప్పర్, కంప్రెషన్ టూల్, మల్టీమీటర్, టెస్టర్. తర్వాత ఆల్కహాల్ సీసా, టిష్యూ, ఎర్ర లేజర్ పెన్ను, పవర్ మీటర్, వీలైతే పాన్ మీటరే. మెషిన్ లేకుండా చేత్తో బిగించే ఫాస్ట్ కనెక్టర్లతో కొన్నాళ్ళు నెట్టుకురావొచ్చు, ఒక్కోదానికి అర డీబీ దాకా పోతుంది, అదే మెషిన్ మీద కొట్టిన జాయింట్‌కి పోయేది లెక్కలోకి రానంత. స్ప్లైసింగ్ మెషిన్ మాత్రం రోజూ జాయింట్లు లేనోళ్ళు తొందరపడి కొనకండి, పక్కూరు ఆపరేటర్‌తో కలిసి వాడుకోవచ్చు. పోగుని నున్నగా కోసే క్లీవర్ మాత్రం ఎవరిది వాళ్ళకి ఉండాలి, దాని బ్లేడు మొండిదైతే ఎంత ఖరీదు మెషినైనా జాయింట్ కుదరదు, కాబట్టి అది ఎవరడిగినా ఇవ్వకండి, నన్ను కూడా అడగొద్దు.